ఏనుగు లేని వాంగ్మూలం

మా వీధిలో కథ చెప్పేవాడికి కుర్చీ వేయరు, టీ ఇప్పించరు. ఊ కొడతారు, అంతే. ఆ ఊ వినిపించినంతసేపు కథ నడుస్తుంది. ఊ ఆగిందంటే చెప్పేవాడు ఎక్కడో హద్దు దాటాడని అర్థం. అప్పుడు వెనక్కి వచ్చి సరిచేసుకోవాలి, లేదా లేచి ఇంటికి పోవాలి. మా పెద్దవాళ్ళు ఈ కోయంబత్తూరుకి ఏ కాలంలో వచ్చారో, ఎందుకు వచ్చారో మాలో ఎవరికీ సరిగ్గా తెలియదు. నన్నడిగితే అడిగిన మనిషిని బట్టి చెప్తాను. తెచ్చుకున్న తెలుగులో సగం అరవం కలిసిపోయింది. బడిలో చదువంతా అరవమే. నాకు ఈ అక్షరాలు వచ్చాయంటే, చిన్నప్పుడు మా చర్చికి ఆంధ్రా నుంచి వచ్చిన ఒక అయ్యగారి బెత్తం చలవ. ఇన్ని మారినా ఊ కొట్టడం మాత్రం మారలేదు.

నాది లోడు ఆటో. తిరుప్పూరు నుంచి బనియన్ గుడ్డ మూటలు తెస్తాను, ఆర్.ఎస్. పురం కొట్లకి అట్టపెట్టెలు దించుతాను. చేతులకి పని, నోటికి సెలవు. ఆ సెలవులో కథలు కడతాను. కుళాయిలో నీళ్ళు ఎప్పుడొస్తాయో ఎవరికీ తెలియని ఒక ఎండాకాలం, ఏనుగు కథ కట్టాను. కొండ దిగిన ఏనుగొకటి తొండంతో ప్లాస్టిక్ బిందె పట్టుకుని మా వీధి కుళాయి దగ్గర వరసలో నిలబడిందని. మా అక్క ఊ కొట్టింది. బిందె ఆకుపచ్చదని చెప్పాను. ఊ. ముందున్న ఆడవాళ్ళు జాలిపడి దాన్ని ముందుకి వదిలారని చెప్పాను. ఊ రాలేదు.

"ఏమక్కా?"

"ఏనుగు వచ్చిండాది, సరి. బిందె తెచ్చిండాది, అదీ సరి. మన వీధి ఆడోళ్ళు వరసలో ముందర వదిల్తారా? పోరా. అబద్ధం చెప్పేదానికీ ఒక అళవు ఉండొద్దా?"

వీధి వీధంతా నవ్వింది. ఆ రోజు నుంచి ఏనుగుని వరస చివరికి పంపించి కథ చెప్తున్నాను. అళవంటే కొలత. నా కథల్లో ఎంత గాలి కొట్టుకోవచ్చో నాకు నేర్పింది మా అక్క ఊ ఒక్కటే.

ఆ అక్క మొగుడే మా బావ. బావమరిదినని నన్ను అరవంలో మచ్చాన్ అని పిలిచేవాడు. కాంట్రాక్టు కింద మురుగు కాలువలు బాగుచేసే పని. మా ఇంట్లో తాగేవాడంటూ ఎవడైనా ఉంటే అది నేను. బావ పెళ్ళిళ్ళలో కూడా కలర్ సోడా సీసా పట్టుకుని ఓ మూల కూర్చునే మనిషి. కడుపులో పుండు, దానికి తోడు అక్క అంటే భయం.

ఆ పొద్దున నేను ఆయనతోనే టీ తాగాను. లోడు దించి తిరిగి వస్తుంటే ఒక వీధి మలుపులో మళ్ళీ కనిపించాడు. రోడ్డు మధ్య మురుగు గుంట ఇనప మూత తీసి పక్కన పెట్టి ఉంది. బావ నడుముకి తాడు. తాడు రెండో కొస కాంట్రాక్టరు మేస్త్రి చేతిలో. మనిషిని అందులోకి దించకూడదని చట్టం ఉంది, అది మా వీధిలో అందరికీ తెలుసు. దించుతారనీ అందరికీ తెలుసు. నేను ఆటో ఆపి దగ్గరికి పోయాను. బావ చొక్కా విప్పి మడిచి నా చేతికిచ్చాడు.

"లోపల ఏమో పెద్దది అడ్డం పడిండాది మచ్చాన్. నీ ఏనుగే అయ్యుంటాది. చూసేసి వస్తాను."

దిగాడు. నేను పైనుంచి "బావా" అన్నాను. "ఊ" అన్నాడు. "ఏనుగు కనిపించిందా?" అన్నాను. "ఊ" అన్నాడు. ఆ తర్వాత పిలిస్తే ఏమీ రాలేదు. మేస్త్రి తాడు లాగాడు, నేనూ లాగాను. లోపల గాలి విషమై ఉంది. మేం పైకి తీసిన మనిషి మా బావ కాదు, ఆయన ఒళ్ళు. అంతకంటే నేను రాయను.

మరుసటి రోజు అరవం పేపర్లో చిన్న వార్త పడింది. టీ కొట్టులో ఎవరో పైకి చదువుతుంటే విన్నాను. మద్యం మత్తులో రోడ్డు పక్కన నడుస్తూ కాలుజారి, తెరిచి ఉన్న గుంటలో పడి కార్మికుడు మరణించాడట. సాయంత్రానికి లోకల్ టీవీలో అదే మాట తెర కింద పాకింది. తర్వాత ఫోనుల్లో తిరిగింది. కథలు కట్టేవాణ్ణి కాబట్టి చెప్తున్నాను, ఆ కథ కట్టినవాడు పనిమంతుడు. అందులో మూత తీసినవాడు లేడు, తాడు పట్టినవాడు లేడు, దిగమన్నవాడు లేడు. ఒక తాగుబోతు, ఒక గుంట, అంతే.

అక్క తిరుప్పూరులో ఒక బనియన్ కంపెనీలో, కుట్టిన బట్టలకి వేలాడే దారాలు కత్తిరించే పని చేస్తుంది. సమాధి, ప్రార్థనలు అన్నీ అయ్యాక మళ్ళీ పనికి పోయింది. ఎదురు బల్ల దగ్గర కూర్చునే ఆవిడ మంచిదే, ప్రేమగానే అడిగిందట, ఆయనకి ఆ అలవాటు ఎప్పటినుంచి అని. ఆ సాయంత్రం అక్క నేరుగా మా ఇంటికి వచ్చింది. కూర్చోలేదు.

"కాంట్రాక్టరోళ్ళు డబ్బు ఇస్తే ఇచ్చినారు, లేకుంటే పోనీ. ఆయన తాగలేదని రావాల. ఆ ఒక మాట తీసేయాల. యాడ పడిందో ఆడనే తీసేయాల."

"నేను పోయి చెప్తానక్కా. చూసినవాణ్ణి నేనే కదా."

"నువ్వే పోవాల, వేరే ఎవరుండారు," అని కాసేపు నన్ను ఎగాదిగా చూసింది. "పోయేటప్పుడు ఏనుగును ఇంట్లో కట్టేసి పో."

ముందు పేపరాఫీసుకి పోయాను. బల్ల వెనక ఒకాయన, కళ్ళద్దాలు నెత్తి మీదకి తోసుకుని, "చెప్పుంగ అన్నా" అన్నాడు. మా ఊళ్ళో తిట్టినా మాట చివర ఆ 'ంగ' అనే గౌరవం తగిలించే తిడతారు. మేం మాట్లాడుకున్నది అరవంలో, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. జరిగింది చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు.

"తాగినాడని మీకెవరు చెప్పారు సార్?"

"కార్పొరేషన్ ఆఫీసు నుంచి వచ్చింది అన్నా. మేం సొంతంగా రాయం."

"ఆఫీసులో ఎవరు?"

"అది బయట పెట్టకూడదు."

"సరి. నేను చెప్పింది కూడా వేయండి. నా పేరు పెట్టుకోండి, ఫోటో కూడా వేసుకోండి."

"మీరు ఆయనకి చుట్టం. ఆఫీసు నుంచి తప్పని రాసివ్వమనండి, వెంటనే వేస్తాం."

నాకు టీ తెప్పించాడు. నా బాధ ఆయనకి అర్థమైందన్నాడు, అది అబద్ధం కాదు. అదే నన్ను ఇంకా భయపెట్టింది. చెడ్డవాడైతే తిట్టి రావచ్చు. ఈయన టీ గ్లాసు ఖాళీ అయ్యేదాకా నా పక్కనే నిలబడ్డాడు.

తర్వాత ఆఫీసువాళ్ళే విచారణ అని పిలిచారు. గదిలో ఒక అధికారి, కంప్యూటరు ముందు ఒక గుమాస్తా, గోడ పక్క బెంచీ మీద ఆ మేస్త్రి. మేస్త్రి నన్ను చూసి తల తిప్పుకున్నాడు. నేను మొదలుపెట్టాను. టీ తాగడం, మూత, తాడు, చొక్కా. ఎవరూ ఊ కొట్టలేదు. ఊ లేకుండా నేను ఎప్పుడూ అంతసేపు మాట్లాడి ఉండను. గోడకి చెప్తున్నట్టు ఉంది. వింటున్నారో లేదో, నమ్ముతున్నారో లేదో, ఎక్కడ ఆగాలో, ఏదీ తెలియదు. అలాగే నడుచుకుంటూ పోయి బావ చివరి మాట దగ్గరికి చేరాను. కట్టేసి రమ్మన్న ఏనుగు నా వెనకే వచ్చింది.

మేస్త్రి లేచాడు. "సార్, ఈయన వీధిలో కథలు చెప్పే మనిషింగ. ఏనుగు బిందె తీసుకుని నీళ్ళకి వచ్చిందని చెప్తాడు. కావాలంటే ఎవర్నైనా అడగండి."

అధికారి మొదటిసారి నా ముఖంలోకి చూశాడు. "ఏనుగు నిజమా?"

"ఏనుగు అబద్ధం సార్. ఏనుగని మా బావ అన్నది నిజం."

గుమాస్తా నవ్వు ఆపుకున్నాడు. నాకూ నవ్వే రావాలి. ఇన్నేళ్ళ నా కథలన్నీ వచ్చి ఆ బెంచీ మీద మేస్త్రి పక్కన కూర్చున్నట్టు అనిపించింది.

చివర ఒక కాగితం అచ్చు తీసి, సంతకం పెట్టమన్నారు. చదివి వినిపించమన్నాను. "చదువు వచ్చు కదా, నువ్వే చూసుకో" అన్నాడు అధికారి. "నా నోటితో చెప్పింది సార్, నా చెవితో వింటాను" అన్నాను. విసుక్కుని గుమాస్తాకి సైగ చేశాడు. గుమాస్తా చదవడం మొదలుపెట్టాడు. మొదటి వాక్యం కాగానే నా నోట్లోంచి ఊ వచ్చింది.

"ఏంటది, వెటకారమా?" అన్నాడు అధికారి.

"అలవాటు సార్. ఇంట్లో ఇలాగే వింటాం."

గుమాస్తా మళ్ళీ చదివాడు. టీ తాగాం, ఊ. చొక్కా ఇచ్చాడు, ఊ. 'మూత తెరిచిన గుంట సమీపంలో నిలబడి ఉండగా' అని చదివాడు. నేను ఊ కొట్టలేదు. గుమాస్తా ఆగాడు. అతని ఇంట్లో ఏ భాష మాట్లాడతారో నాకు తెలియదు, కానీ ఆ కాస్తసేపట్లోనే ఊకి అలవాటు పడిపోయాడు. అది రాకపోయేసరికి ముందుకి పోలేకపోయాడు. "నిలబడలేదు, దిగాడు" అన్నాను. అధికారి తర్వాత చూద్దాం, పోనివ్వు అన్నట్టు చెయ్యి ఊపాడు. గుమాస్తా చదివాడు: 'మృతుడు మద్యం సేవించి ఉన్నట్లు తెలియవచ్చింది.'



"ఇది నేను చెప్పలేదు సార్."

"అందరికీ తెలిసిందే కదయ్యా."

"ఎవరి వల్ల తెలిసింది?"

గుమాస్తా ఫైలు తిప్పి ఒక పేపరు ముక్క చూపించాడు. పిన్ను పెట్టి ఉంది. టీ కొట్టులో నేను విన్న అదే వార్త.

"ఆ పేపరువాళ్ళు మీరు చెప్పారంటున్నారు సార్."

అధికారి గుమాస్తా వైపు చూశాడు. గుమాస్తా మేస్త్రి వైపు చూశాడు. మేస్త్రి తన చెప్పుల వైపు చూశాడు. పేపరు ఆఫీసుని చూపిస్తుంది, ఆఫీసు పేపరుని చూపిస్తుంది. మధ్యలో ఆ మాట ఎవరి ఇంట్లోనూ పుట్టకుండానే పెరిగి పెద్దదై మా అక్క బల్ల దాకా నడిచి వచ్చింది. నా ఏనుగుకైనా నేనున్నాను, నాదేనని ఒప్పుకోవడానికి.

అధికారి గొంతు తగ్గించాడు. "మద్యం మాట నీ కాగితంలో కొట్టేయిస్తాను. దిగాడు అని కూడా రాయిస్తాను. ఆ ఏనుగు మాత్రం వద్దు. పైవాళ్ళు చదివి నవ్వుతారు. నవ్వారంటే మిగతాది కూడా పోతుంది."

ఆయన చెప్పింది తప్పని ఇప్పటికీ అనలేను. ఒప్పుకున్నాను. బావ లోపలికి దిగుతూ అన్న మాట తీసేస్తే, బావ లోపలికి దిగాడన్నది కాగితంలోకి వచ్చింది. సంతకం పెట్టాక, మేస్త్రి చెప్పింది కూడా చదవమని అడిగాను.

"అది నీకు చూపించే పద్ధతి లేదు."

"దాంట్లో తాగాడని ఉందా సార్?"

ఆయన ఫైలు మూశాడు.

నడుచుకుంటూ బయటికి వచ్చాను. పెద్ద పెద్ద మాటలు నాకు రావు. ఒకటే అనుకున్నాను. ఒక మనిషి గురించి రాసింది ఆ మనిషి ఇంటివాళ్ళ ముందు పైకి చదివితే చాలు, వాళ్ళు ఊ కొట్టకపోతే అక్కడ ఆగితే చాలు. పేపరైనా, ఆఫీసైనా. మా వీధిలో ఉబుసుపోక కథలు చెప్పే నా బోటివాడికి కూడా ఆ కట్టుబాటు ఉంది. వాళ్ళకి లేదు.

ఆ సాయంత్రం లోడు తిరుప్పూరు దారిలోని అవినాశి వైపే ఉండడంతో, కంపెనీ వ్యాను దింపే చోట అక్కని ఎక్కించుకున్నాను. బండి చప్పుడులో చెప్పడం మొదలుపెట్టాను. ఏనుగుని తీయించిన దగ్గర అక్క ముఖం పక్కకి తిప్పుకుంది. ఆ మాట ఒక్కటే ఆమెకి బావ వదిలిపోయిన మాట.

"పేపర్లో?" అంది.

నాకు అలవాటైన పనే కదా. ఇంతకంటే పెద్దవి ఎన్నో చెప్పాను. "రేపో ఎల్లుండో వేస్తారంట అక్కా. తాగలేదని. పెద్ద అక్షరాలతో వేస్తామన్నారు."

ఊ వినిపించలేదు. బండి చప్పుడేమో అనుకుని పక్కకి తీసి ఇంజను ఆపాను. బస్సొకటి మమ్మల్ని ఊపేసి పోయింది. మోపెడ్ల మీద కంపెనీ జనం ఇళ్ళకి పోతున్నారు. అక్క ఒళ్ళో టిఫిన్ డబ్బా పెట్టుకుని ఎదురుగా చూస్తోంది. ఊ రాలేదు.

"వెయ్యరంట అక్కా."

"ఊ."

"నా కాగితంలో కొట్టేసినారు. మేస్త్రి కాగితంలో ఏముండాదో చూపించలేదు."

"ఊ."

"పేపర్లో పడింది అట్లనే ఉంటాది."

"ఊ."

తర్వాత అడిగింది. "మొదల ఎవరన్నారురా? ఆయన తాగినాడని. ఎవరో ఒకరు అనుండాల కదా. అడిగినావా?"

"అడిగినాను."

"ఎవరంట?"

"ఎవరూ అనలేదంట అక్కా."

టిఫిన్ డబ్బా మూతని వేలితో నొక్కుతూ కూర్చుంది. ఆమె ఏం చెయ్యాలో నాకు తెలియదు. ఇది నేను కట్టిన కథ అయితే, ఎవరూ అనని మాట ఎట్లా పుడుతుందని ఇక్కడ ఆమె నన్ను ఆపి ఉండేది. చాలాసేపటికి, చాలా మెల్లగా, "ఊ" అంది.

నేను బండి తీశాను.