వరుసలో పెద్దమ్మ బిందె

పోయిన శుక్రవారం మా పెద్దమ్మ కన్నుమూసింది. పాడె లేవకముందే మా ఇంటి అరుగు మీద తీర్పు వెలువడింది: "నోరు తప్ప మనసు లేని మనిషి. ప్రేమంటే ఏందో తెలీకుండానే పోయింది." ఆ అభియోగానికి, మన చింతాద్రిపేటవాళ్ళు చదివే ఈ పత్రికలోనే సమాధానం చెప్పదలిచాను. పోయినవారిని పొగడాలన్న ఆచారం మీద నాకు గౌరవం లేదు. ఆ మాట అసత్యం గనుక రాస్తున్నాను.

ముందుగా ఎదుటి పక్షానికి ఇవ్వవలసింది ఇచ్చేస్తాను. పెద్దమ్మ నోరు మంచిది కాదు. నన్ను పెంచిందే గాని ఏనాడూ దగ్గరకు తీసుకోలేదు. కాలేజీ వక్తృత్వపు పోటీలో గెలిచి కప్పు తెస్తే, "ఇందులో కాపీ తాగేదానికి అయితాదా?" అని అడిగింది. పక్క పోర్షన్ ఆవిడతో ఆమెకు ఏళ్ళ తరబడి మాటలు లేవు. కారణం చిన్నదేమీ కాదు. ఆవిడ కూతురి సీమంతంలో, పిల్లలు లేని పెద్దమ్మ గాజులు తొడగబోతే, "నువ్వొద్దులే" అని ఆవిడ అందరి ముందూ అన్నది.

అయితే అరుగు మీది న్యాయమూర్తులు ఒక సాక్ష్యాన్ని వదిలేశారు. అది నీళ్ళ లారీ దగ్గర రోజూ వాళ్ళ కళ్ళెదుటే ఉండేది. పక్క పోర్షన్ ఆవిడ భర్త మంచం పట్టాక, ఆవిడకు ఇల్లు కదలడం కష్టమైంది. అప్పటినుంచీ పెద్దమ్మ తన ఇత్తడి బిందెతో పాటు ఆవిడ పచ్చ ప్లాస్టిక్ బిందెను కూడా వరుసలో పెట్టేది. నిండాక ఆవిడ గుమ్మంలో దించేది. సంభాషణ మాత్రం నా పేరు మీద నడిచేది.

"ఏమ్మే పాపా, బిందె తోమి పెట్టాలనే బుద్ధి కొందరికి లేదని చెప్పు."

"కొందరిని ఎవురు మొయ్యమన్నారో అడుగు పాపా."

"నోరెండితే తెలుస్తాదని చెప్పు."

ఇద్దరి మధ్యా జానెడు గడప. నేను నోరు విప్పవలసిన అవసరం ఎన్నడూ రాలేదు.

ఒకనాడు పెద్దమ్మతో వాదానికి దిగాను. క్షమ లేనిచోట ప్రేమ ఉండదనీ, క్షమించి ఉంటే మాట్లాడాలనీ, క్షమించకపోతే ఈ బిందె మొయ్యడం వట్టి పంతమనీ, చదివిన పుస్తకాలన్నిటినీ సాక్ష్యానికి పిలిచి నిలదీశాను. ఆమె కొంగు నడుముకు దోపుకుంటూ విన్నది.

"ఆ మాట నేను మరిచిపోలా. ఈడ ఇంకా గుచ్చతానే ఉంది. అది పొయ్యేదాకా మంచాన ఉండే ఆయప్ప దప్పికతో పడుండాలా? మనసొచ్చినాకనే చెయ్యి లేవాలంటే సగం ఇళ్ళలో పొయ్యే వెలగదు."

"దీన్ని ప్రేమంటారా మరి?"

"నువ్వు పేరు పెట్టేదాకా నీళ్ళు ఆగతాయా? జరుగు, లారీ వచ్చె."

ప్రేమ ముందుగా మనసులో పుట్టాలని మనం ఎదురుచూస్తాం. అది పుట్టేలోగా పక్కవాడి గొంతు ఎండుతుంది. పెద్దమ్మ ఆవిడను క్షమించలేదు, క్షమించినట్టు నటించనూ లేదు. తన గాయాన్ని మనసులోనే ఉంచుకుంది, చేతుల్లోకి దిగనివ్వలేదు. ఇది ప్రేమ కాదనేవారు ఇంతకన్నా కష్టమైనది ఏం చేశారో చెప్పాలి.

ఆమె పోయిన మర్నాడు ఆ ఇత్తడి బిందె వరుసలో ఎప్పటి చోటనే ఉంది. భర్తను ఒంటరిగా విడిచి వచ్చి, పక్క పోర్షన్ ఆవిడే పెట్టింది. "పోయినోళ్ళకు నీళ్ళెందుకమ్మా? పక్కకు తియ్యి" అన్నారెవరో. ఆవిడ వాళ్ళ వైపు తిరగలేదు. బిందెనే చూస్తూ నాతో అన్నది:

"పాపా, అది ఆడే ఉంటాదని చెప్పు. లారీ కాడికి రాలేనోళ్ళు ఎవురో ఒకరు ఉంటారని చెప్పు."

ఈసారి నేను నోరు విప్పక తప్పదు. చెబుతున్నాను: ఆ బిందెను జరపకండి. రోజుకొకరు దాన్ని నింపి, మీకు ఎవరితో మాటలు లేవో వాళ్ళ గుమ్మంలో దించి రండి. ఆ తరువాత అరుగెక్కి చెప్పండి, మా పెద్దమ్మకు ప్రేమ తెలుసో లేదో.