మొదటి వాక్యం సారుది

పోయిన నెల రవికె కుట్టించుకోవడానికి ఆళ్లగడ్డలో దర్జీ అంగడికి వెళ్లాను. నేను వెళ్లేసరికి ఆయన మిషను పక్కకు వంచి, సన్నటి మూతి ఉన్న చిన్న డబ్బాతో లోపలి కీళ్లలో నూనె చుక్కలు వేస్తున్నాడు. ఆ వాసన తగలగానే ఏ కొలతలు చెప్పాలని వచ్చానో మరిచిపోయాను. అది టైపు మిషన్లకు వేసే నూనె వాసన కూడా. నలభై అయిదేళ్ల కిందట నంద్యాలలో ఒక సైకిలు షాపు పైన మేడగది ఉండేది. ఇనుప మెట్లు ఎక్కి తలుపు తోస్తే మొదట ఈ వాసన వచ్చేది, తర్వాత ఆరు మిషన్ల చప్పుడు వినబడేది. ఆ గదిలో ఒక మనిషి నాకు రోజుకొక వాక్యం ఇచ్చేవాడు. ఒకటే వాక్యం. మిగతాది నేను రాసుకోవాలి.

ఆయన పేరు దేవదానం. మేమంతా సారు అనేవాళ్లం. బక్కపలచని మనిషి. ముప్పై ఏళ్లు కోర్టుల్లో టైపిస్టుగా చేసి, పింఛను పుచ్చుకుని, ఆ గదిలో టైపు ఇన్‌స్టిట్యూట్ పెట్టుకున్నాడు. ఐదు ఇంగ్లీషు మిషన్లు, ఒక తెలుగు మిషను. డెబ్భైల చివర ఆఫీసుల్లో కాగితాలన్నీ తెలుగులో నడవాలని గట్టిగా అనుకుంటున్న రోజులవి. తెలుగు టైపు వచ్చినవాళ్లు తక్కువ, నేర్చుకుంటే ఉద్యోగం ఖాయమని అందరూ అనేవాళ్లు. ఆ మాట మా నాయన చెవిన పడింది.

నాయనకు ఆళ్లగడ్డలో విత్తనాల అంగడి. నాకు చిన్నప్పటి నుంచి నత్తి. నా పేరు పద్మావతి. ‘ప’ దగ్గరే నా నోరు ఆగిపోయేది. పెదవులు అతుక్కుని, గొంతు బిగిసి, కళ్లలో నీళ్లు వచ్చేదాకా ఆ అక్షరం బయటికి వచ్చేది కాదు. నేను పడే అవస్థ చూడలేక ఇంట్లో వాళ్లే నా మాటలు పూర్తి చేసేవాళ్లు. నాకు నీళ్లు కావాలని ‘నీ’ అంటే నెయ్యి వచ్చేది. అది కాదని చెప్పడానికి మళ్లీ అంత పాటు పడాలి కాబట్టి నెయ్యి వేసుకుని తినేదాన్ని. ఇంటరు అయ్యాక రెండు సంబంధాలు వచ్చాయి. రెండూ నేను నోరు తెరవగానే వెనక్కి పోయాయి. రెండోవాళ్లు వెళ్లిన సాయంత్రం నాయన అమ్మతో, “నోరు పని చేయకపోతే చేతులు పని చేయాల,” అన్నాడు. అది కఠినంగా అన్న మాట కాదు. ఆయనకు తోచిన దారి అది.

మరుసటి సోమవారం నన్ను బస్సులో నంద్యాల తీసుకువెళ్లాడు. సారు రిజిస్టరు తెరిచి నా పేరు అడిగాడు. నేను మొదలుపెట్టాను. నాయన అలవాటు ప్రకారం “పద్మావతి” అనేశాడు. సారు కలం కదపలేదు. “నేను అడిగింది ఆయమ్మను గదా అప్పా,” అని నా వైపు తిరిగి కూర్చున్నాడు. నా నోటివైపు చూడలేదు. పక్కనున్న మిషను మూత తీసి, చిన్న బ్రష్షుతో అక్షరాల మీది మసి తుడుచుకుంటూ ఉండిపోయాడు. ఎంతసేపు పట్టిందో నాకు తెలియదు. నాయన రెండుసార్లు దగ్గాడు. చివరికి నా పేరు నేనే చెప్పాను. అప్పుడు సారు రాసుకున్నాడు. అంతవరకు ఎవరూ నాకోసం అంతసేపు ఊరికే కూర్చోలేదు.

మూడు నెలల్లో నా వేళ్లకు మీటలు పట్టుబడ్డాయి. ఒత్తులూ గుణింతాలూ కూడా చూడకుండా కొట్టేదాన్ని. అప్పుడు ఒక చిక్కు వచ్చింది. ఇంగ్లీషు టైపు నేర్చుకునేవాళ్లకు సాధన చేయడానికి పుస్తకాలు చాలా ఉండేవి. తెలుగుకు ఒక పలచటి పుస్తకం తప్ప ఏమీ లేదు. అందులోని పాఠాలన్నీ నాకు కంఠస్థం వచ్చేశాయి. ఒకరోజు సారు నా వెనక నిలబడి చూసి, పుస్తకం మూసి తన బల్ల సొరుగులో పెట్టేశాడు. నేను కొడుతున్నది కాగితం మీది పాఠం కాదని, తలలో ఉన్న పాఠమని ఆయనకు అర్థమైపోయింది. మరునాడు నేను వచ్చేసరికి మిషనులో కాగితం ఎక్కించి ఉంది. పైన ఒక వాక్యం కొట్టి ఉంది: ‘నిన్న బస్సులో నా పక్కన కూర్చున్న మనిషి’. అంతే. వాక్యం కూడా పూర్తి కాలేదు.

నేను ఆయన వైపు చూశాను. ఆయన అలారం గడియారానికి కీ ఇస్తూ, పది నిమిషాలు ఆ వాక్యాన్ని ముందుకు తీసుకుపోవాలన్నాడు. ఆగకూడదు, కొట్టివేయకూడదు, వెనక్కి పోయి దిద్దకూడదు. నాకు ఏమీ తోచడం లేదని చేత్తో సైగ చేశాను.

“తోచకపోతే ‘తోచలేదు’ అని కొట్టు. యేలు మాత్రం ఆగగూడదు.”

మొదటిరోజు ముప్పాతిక కాగితం ‘తోచలేదు’ అనే కొట్టాను. సారు దాన్ని తీసుకుని, ఎర్ర పెన్సిలుతో తప్పులకు సున్నాలు చుట్టి, ఎన్ని తప్పులో మూలన వేసి తిరిగిచ్చాడు. రెండోరోజూ అంతే. నాలుగోరోజు వాక్యం ‘మా ఇంట్లో ఎవరూ కూర్చోని చోటు’. రెండు వరసలు ‘తోచలేదు’ కొట్టాక, మా వంటింటి గడప గుర్తుకొచ్చింది. దాని మీద కూర్చుంటే అమ్మ ఎందుకు తిడుతుందో, అమ్మను వాళ్లమ్మ ఎట్లా తిట్టిందో కొట్టుకుంటూ పోయాను. అలారం మోగినా ఆపలేదు. సారు వచ్చి మిషను మీద చెయ్యి పెడితే ఆగాను. నా వేళ్లకు నత్తి లేదు. ఆ సంగతి నాకు ఇరవయ్యో ఏట, ఆ కుర్చీలో తెలిసింది.

అప్పటి నుంచి ఆదివారాలు తప్ప రోజూ ఒక వాక్యం ఉండేది. ‘వాన వస్తుందని ఎదురు చూసిన రోజు’. ‘నేను అడగకుండా తెచ్చుకున్న వస్తువు’. ‘ఆమె నవ్వింది కాని’. బస్సులో సిరివెళ్ల దాటినప్పటి నుంచి ఈరోజు ఏముంటుందో అని లెక్కలు వేసుకునేదాన్ని. దారిలో కనబడేవన్నీ, పొలం గట్టు మీద ఆగిపోయిన ఎద్దు, పలుగు పట్టుకుని ఎక్కిన కూలీలు, ఎందుకైనా పనికొస్తాయని దాచుకునేదాన్ని. సారు మాత్రం తప్పులే చూసేవాడు. బాగుందని గాని, బాగాలేదని గాని ఒక్కరోజు అనలేదు. మొదట్లో అది నాకు చిన్నతనంగా ఉండేది. తర్వాత అదే ధైర్యమైంది. ఎవరూ ఏమీ అనరు కాబట్టి ఏమైనా రాయవచ్చు.

ఆ కాగితాలను ఇంటికి తెచ్చి అంగడిలో ఒక మూల పెట్టేదాన్ని. నాయన వాటిని మడిచి గింజల పొట్లాలు కట్టేవాడు. నా వంటింటి గడప, నా బస్సు మనుషులు సారు ఎర్ర సున్నాలతో సహా రుద్రవరం, ఉయ్యాలవాడ పొలాలకు వెళ్లిపోయేవాళ్లు. నాకు దాని మీద పట్టింపు ఉండేది కాదు. ఒక మధ్యాహ్నం నేను బస్సు దిగి అంగడికి వస్తే, నాయన తక్కెడ ముందు ఒక కాగితం పట్టుకుని నిలబడి ఉన్నాడు. పొట్లం కోసం సగం మడిచి, మళ్లీ విప్పినట్టున్నాడు. అది ముందురోజు కాగితం, దాని మీది వాక్యం ‘మా నాయన చేతులు’. విత్తనాలు కొలిచేటప్పుడు నాయన చెయ్యి ఒక్క గింజ కూడా తక్కువ చేయదని రాశాను. నా నోట్లో మాటను మాత్రం సగం కొలతలోనే లాక్కుంటాడని కూడా రాశాను.

“అమ్మీ, ఇది నువ్వు కొట్టిందేనా?” అన్నాడు.

అవునని తల ఊపాను. ఆయన ఆ కాగితాన్ని పొట్లం కట్టకుండా గల్లాపెట్టె అడుగున పెట్టాడు. ఆ రాత్రి అన్నం దగ్గర నేను ‘మ’ దగ్గర ఆగిపోతే అమ్మ “మజ్జిగా?” అనబోయింది. నాయన కంచంలోకి చూస్తూనే “ఉండు,” అన్నాడు. నాకు కావలసింది మజ్జిగే. కాని ఆ మాట నేను పూర్తిగా చెప్పాను.

పరీక్షలు లోయరు, హయ్యరు రెండూ మొదటి తరగతిలో పాసయ్యాను. ఒక ఆఫీసులో టైపిస్టు పోస్టుకు పిలుపు వచ్చింది. టైపు పరీక్షలో అందరికంటే నాదే తక్కువ తప్పుల కాగితం. తర్వాత లోపలికి పిలిచారు. బల్ల వెనక ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో ఆయన నా పేరు అడిగాడు. కాగితంలో రాసి ఉన్నా అడిగాడు. నేను ‘ప’ దగ్గర ఆగాను. ఆయన గోడ గడియారం చూశాడు. పక్కనాయన నా బదులు పేరు చదివేశాడు. ఇంకొకాయన జాలిగా, చాలమ్మా, వెళ్లి రా అన్నాడు. ఆ ఉద్యోగం నాకు రాలేదు.

మరునాడు నంద్యాల వెళ్లాను. ఇక టైపు మానేస్తానని చెప్పాలని వెళ్లాను. మెట్లెక్కేటప్పుడు ఆ మాటలు లోపల సర్దుకుంటూ ఉన్నాను. సారు నా మొహం చూశాడు. మిషనులో కాగితం ఎక్కించి, నిలబడే, ఒక వాక్యం కొట్టి పక్కకు తప్పుకున్నాడు: ‘ఆ గదిలో నేను చెప్పాలనుకున్నది’. కూర్చున్నాను. అలారం మోగింది. ఆయన దాని నోరు నొక్కి పక్కన పెట్టాడు. నేను రెండు కాగితాలు నింపాను. మూడోది ఆయనే ఎక్కించాడు. అయ్యాక మూడూ తీసుకుపోయి, తన బల్ల దగ్గర చాలాసేపు కూర్చున్నాడు.

“ఇరవై రెండు తప్పులు. కోపంలో ఒత్తులు ఎగిరిపోతాండాయి,” అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. “స... సారూ, చదివినారా?” అన్నాను.

“తప్పుల కోసం ఒకసారి చూసినా. ఇంకోసారి ఊరికే చదివినా.” కాగితాలు నా చేతికి ఇస్తూ, “రేపు తొమ్మిదిన్నరకే రా,” అన్నాడు.

మానేస్తానన్న మాట నా దగ్గరే ఉండిపోయింది. మరునాడు వెళ్లాను. ఆ తర్వాత మూడేళ్లు వెళ్లాను. ఫీజు తీసుకోవడం మానేసి, కొత్తగా చేరిన ఆడపిల్లలకు మీటలు చూపించే పని నాకే అప్పగించాడు.

అంత కాలంలో సారు తన గురించి చెప్పింది ఒకేసారి. అది కూడా ఎక్కువ భాగం నోటితో కాదు. ఆయన ఎప్పుడూ మొదటి వాక్యాలే ఎందుకు రాస్తాడు, ముందుకు ఎందుకు పోడు అని నాకు ఉండేది. ఒక ఎండాకాలం ఉదయం గదిలో ఇంకెవరూ లేనప్పుడు అడిగాను. కోర్టులో ముప్పై ఏళ్లు పరాయి మాటలే కొట్టానని, తనకు మొదలు తడుతుంది గాని తర్వాత చేతులు ఆగిపోతాయని చెప్పాడు. నేను లేచి, కాగితం ఎక్కించి, ఆయన చేసినట్టే ఒక వాక్యం కొట్టాను: ‘నేను కొట్టిన కాగితాల్లో నేను మరిచిపోలేనిది’. అలారానికి కీ ఇచ్చాను. నాకు అంత చొరవ ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పటికీ తెలియదు. సారు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

ఆయన రాసింది ఇది. చాలా ఏళ్ల కిందట, ఆత్మకూరు అడవి నుంచి ఒక చెంచు ముసలమ్మ సాక్ష్యానికి వచ్చింది. కొడుకు మీద కలప దొంగతనం కేసు. ఆమె అరగంట మాట్లాడింది. ఆరోజు కొడుకు ఏమి తిన్నాడు, ఏ దారిన తేనెకు పోయాడు, ఏ వాగు దగ్గర కాలికి ముల్లు గుచ్చుకుంది, ఎప్పుడు తిరిగొచ్చాడు, అంతా వరసగా చెప్పింది. పై నుంచి జడ్జిగారు ఆయనకు చెప్పి కొట్టించింది ఒక్క వాక్యం: జరిగిన సంగతి సాక్షికి తెలియదు. ఆయన కొట్టాడు. కోర్టు లేచాక ముసలమ్మ వరండాలో ఆయన దగ్గరికి వచ్చి, ‘నేను చెప్పిందంతా పడిందా నాయనా’ అని అడిగింది. ‘పడిందమ్మా’ అన్నాను అని కొట్టాడు. కొడుకుకు శిక్ష పడింది. ఆ తర్వాత వాక్యం సగంలో ఉండగా అలారం మోగింది. తన నియమం ప్రకారం సారు ఆపేశాడు.

కాగితం తీసి, ఎర్ర పెన్సిలుతో సహా నా ముందు పెట్టాడు. “తప్పులు చూడు,” అన్నాడు.

నేను ఆయన చేసినట్టే చేశాను. వరస వరస చూసి, మూడు తప్పులకు సున్నాలు చుట్టి, మూలన మూడు అని వేసి ఇచ్చాను. ఏమీ అనలేదు. ఏదైనా అంటే ఆయన మాటను నేను పూర్తి చేసినట్టవుతుందని అనిపించింది. సారు ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. పదిన్నర బ్యాచి మెట్లెక్కుతున్న చప్పుడు వినబడింది.

మండలాఫీసులు కొత్తగా వచ్చిన రోజుల్లో తెలుగు టైపిస్టులు చాలామంది కావలసి వచ్చారు. ఆసారి టైపు పరీక్ష మార్కులతోనే తీసుకున్నారు. రుద్రవరంలో చేరాను. అర్జీ ఎట్లా రాయాలో తెలియని రైతులు నా బల్ల దగ్గరికి వచ్చేవాళ్లు. వాళ్లు చెప్పింది చెప్పినట్టు, చివరిదాకా కొట్టేదాన్ని. నాకు నత్తి కాబట్టి మధ్యలో అడ్డుపడే ఓపిక లేదని వాళ్లు అనుకునేవాళ్లేమో.

నేను చేరిన రెండో ఏడు సారు పోయాడు. జ్వరం అన్నారు, వారంలో అయిపోయింది. కబురు అంది నేను వెళ్లేసరికి సమాధి దగ్గర పాట పాడుతున్నారు. ప్రార్థన అయ్యాక పాస్టరుగారు, ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లు ఎవరైనా రెండు మాటలు చెప్పవచ్చన్నాడు. ఆ చుట్టుపక్కల ఆఫీసుల్లో పనిచేస్తున్న మగవాళ్లు ముప్పైమంది దాకా ఉన్నారు. అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. నేను ముందుకు వెళ్లాను. వెళ్లేదాకా వెళ్తానని నాకే తెలియదు.

మొదట నా పేరు చెప్పాలి కదా. ‘ప’ దగ్గర ఆగింది. ముందు నిలబడినాయన ఒకరు నాకు సాయం చేయడానికి నోరు తెరిచాడు. సారు భార్య రూతమ్మగారు తల ఎత్తకుండానే చెయ్యి కొంచెం పైకి లేపారు. ఆయన నోరు మూసుకున్నాడు. ఎండలో అంతమంది నిలబడ్డారు. నా పేరు చెప్పాను. సారు నా దగ్గర తప్పులు మాత్రమే దిద్దాడని, నా మాటలు దిద్దలేదని చెప్పాను. అంత చిన్న సంగతికి చాలాసేపు పట్టింది. అయిపోయాక రూతమ్మగారు వచ్చి నా చెయ్యి పట్టుకున్నారు.

రిటైరై చాలా ఏళ్లయింది. పొద్దున కాఫీ తాగి, కాగితం ముందు కూర్చుంటాను. వాక్యం ఇచ్చేవాళ్లు లేరు కాబట్టి నిన్న విన్నదేదో ఒకటి పైన రాసుకుని, పది నిమిషాలు ఆపకుండా రాస్తాను. వాటిలో కొన్ని కథలయ్యాయి, కొన్ని అచ్చయ్యాయి. చాలావాటికి ఏమీ కాలేదు. నత్తి పోలేదు. ఫోనులో ఎవరైనా తొందరపడి నా మాట తామే పూర్తి చేస్తారు. ఒక్కోసారి సరిగ్గానే పూర్తి చేస్తారు. అయినా వాళ్లు చెప్పడం అయ్యేదాకా ఉండి, నా మాట నేను మళ్లీ మొదటి నుంచి మొదలుపెడతాను.