వంకర మేస్త్రీకి రెండో ఆధారం

విజ్ఞాన సర్వస్వం ఆఫీసులో ఆమెను అందరూ కత్తెరమ్మ అనేవారు. ఎవరి పేరు గ్రంథంలోకి ఎక్కాలో, ఎవరిది ఎక్కకూడదో తేల్చడం ఆమె పని. చేరిన కొత్తలో ప్రూఫులు దిద్దేది. జుట్టు నెరిసేసరికి మనుషుల తలరాతలు దిద్దే స్థాయికి వచ్చింది. రెండు అచ్చు పుస్తకాల్లో ఆధారం ఉంటే సరే, లేదంటే ఆ మనిషి పుట్టనే లేదన్నమాట. పేటకు బడి కట్టించిన సొంత మామగారు ఓసారి మొహమాటపడుతూ తన సంగతి కదిపితే, "ఇంకో పుస్తకం ఉంటే చూపించండి మామయ్యా" అంది. పాపం, ఆయన ఆర్నెల్లు ఆమెతో మాట్లాడలేదు. పోయేదాకా ఆ రెండో పుస్తకం దొరకనూ లేదు.

అలాంటి ఆమె బల్ల మీదికి వంకర మేస్త్రీ వచ్చాడు. వందేళ్ళ కిందట పల్లపు పేటలో భూమి లోపల మురుగుకాలువ కట్టిన తాపీమేస్త్రీ. ఉన్న ఆధారం ఒకే ఒక్క వాక్యం, అదీ తిట్టు. తాను గీసిచ్చిన తిన్నని గీతను కాదని ఈ వంకర మేస్త్రీ కాలువను మెలి తిప్పాడనీ, అడిగితే నీళ్ళకు గీతలు చదవడం రాదన్నాడనీ ఇంజనీరు తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. గ్రంథంలో ఆ ఇంజనీరుకు రెండు పేజీలు. మేస్త్రీ అసలు పేరైనా ఎవరికీ తెలియదు. సంపుటం రేపో మాపో అచ్చుకు వెళ్తుంది; ఇప్పుడు తప్పిపోతే మళ్ళీ ఓ తరం దాకా మరో ముద్రణ లేదు. కత్తెరమ్మ ఎర్ర కలం ఎత్తి, ఎందుకో ఆగింది. ఆమె కాపురం ఆ పేటలోనే.

సాయంత్రం ఇంటికి వెళ్తుంటే వీధి మలుపులో మరమ్మతుకని ఆ కాలువ మూతే తెరిచి ఉంది. ఒకసారి దిగి చూస్తానంటే, మీరు కంపు భరించలేరన్నారు పనివాళ్ళు. ఆఫీసులో ఇంతకన్నా కంపు చరిత్రలు చదివానని చెప్పి, టార్చి అడిగి తీసుకుని, నిచ్చెన దిగింది.

కాలువ మెలి తిరిగే చోట ఇటుక గోడ ఆగి, నల్లటి కొండరాయి కనిపించింది. తిన్నగా కట్టి ఉంటే దారికి అడ్డం నిలిచేది ఆ రాయే. మేస్త్రీ దానితో తగవు పెట్టుకోకుండా పక్కనుంచి పోయాడు. మలుపులో ప్రతి ఇటుక అంచునూ నున్నగా గుండ్రం చేశాడు. వేలు పెట్టి తడిమితే సందు తగల్లేదు. మూత పడ్డాక ఎవరూ చూడని పనికి ఇంత శ్రద్ధా అనుకుంటూ ఆ అంచును మళ్ళీ తడిమింది.

పైకి వచ్చేసరికి కుండపోత వాన. వీధిలోని నీరంతా పరుగున వచ్చి తూములో మాయమవుతోంది. ఇంట్లో తన పిల్లలు పాకిన నేల ఒక్క వానాకాలంలోనైనా తడవలేదని ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది. నిలువునా తడిసి, అలాగే చూస్తూ నిలబడిపోయింది.

మర్నాడు మేస్త్రీ గురించి నాలుగు వరుసలు రాసి ప్రధాన సంపాదకుడి ముందు పెట్టింది. ఆయనదీ ఆ పేటే. రెండో ఆధారం ఏదని అడిగాడు.

"నిన్నటి వానకి మీ ఇంట్లోకి నీళ్ళొచ్చాయా సార్?"

"లేదే."

"అదేనండీ రెండోది."

ఆయన కలం తీశాడు. సంతకం పెడుతూ, "ఆ లెక్కన మీ మామగారికి బడి ఉందిగా అమ్మా" అన్నాడు.

"అది ఇంకా వందేళ్ళు నిలవాలి కదా సార్" అని కాగితం అందుకుంది.

కానీ ఆ సాయంత్రం ఆమె ఇంటికి తిన్నగా వెళ్ళలేదు. బడి మీదుగా చుట్టు తిరిగి వెళ్ళింది.