నల్ల కోటు మీద పసుపుతాడు

మా వదిన మెడ అంటే నాకు మంట. మనిషి మంచిది, అది ఇంకా మంట.

హిందూపురంలో మా వీధి అక్క ఒకామె బట్టల కొట్టు పెట్టింది. జపాన్‌లో కుర్రకారు వీధుల్లో వేసుకు తిరిగే రకం బట్టలు. మోకాళ్ల దాకా జారే బొత్తాల్లేని కోట్లు, ఇద్దరు పట్టేంత వెడల్పు ప్యాంట్లు. మా నాయన చూసి, "ఇదేందే, టైలరు కొలతలు తప్పినాడా?" అన్నాడు. ఆ బట్టల మీదికి ఏ గొలుసు వేయాలో చూసే పని నాది. బట్ట అంత వదులుగా ఉన్నప్పుడు మెడలో ఒక్క సన్నని గీత చాలు. అది కూడా మెడ ఎముక మీద ఆగాలి, లాకెట్టు పనికిరాదు. ఇది నాకు ఎవరూ నేర్పలేదు. అందుకే కొట్టు కొత్త బోర్డు మీద నీ ఫోటోనే వేస్తానని అక్క మాటిచ్చింది. ఆ మాట నేను ఊరంతా చెప్పుకున్నాను.

ఫోటోలకు పెనుకొండ పోయాం, కోట గోడల దగ్గరికి. తోడుగా వదినను వెంటబెట్టుకుపోయాను. ఆమె పుట్టిల్లు ధర్మవరం, మగ్గాల ఇల్లు. ఈమధ్య పుట్టింటికి పోయినప్పుడు తాళిగొలుసు కొక్కెం ఊడితే అక్కడి కంసాలికే ఇచ్చి వచ్చింది. గొలుసు తిరిగొచ్చేదాకా మెడ బోసిగా ఉండకూడదని, మా ఇళ్లల్లో అందరూ చేసినట్టే, తాళిబొట్లను పసుపుతాడుకు కట్టుకుంది.

కోట దగ్గర నేను వెండి గొలుసులు ఒక్కోటీ వేసి చూసుకుంటున్నాను. కింద పెడితే నేను వేసుకోవాల్సిన నల్ల కోటు ముడతలు పడుతుందని వదినకు తొడిగాను. నేనే, నా చేతులారా. ఆమె సంచి తీయడానికి వంగి లేచింది. చుడీదార్ లోపలి పసుపుతాడు పైకి వచ్చింది.

"కదలొద్దు, అట్లే ఉండు," అంది అక్క.

నేనూ చూశాను. నల్లటి బట్ట మీద ఒక్క పసుపు గీత. నా డబ్బాలోని గొలుసులన్నీ ఒక్కసారిగా వెలవెలబోయాయి.

వదిన గబుక్కున తాడు లోపలికి తోసుకుంది. "తాళి చూపిస్తారేందక్కా, చూసినోళ్లు నగుతారు."

"బొట్లు లోపలే ఉండనీ. తాడు కనపడితే చాలు," అంది అక్క. తర్వాత నా వైపు తిరిగి, "ఆమె కోటు చేతులు కొంచెం మడువు," అంది.

మడిచాను. నవ్వాను కూడా. అక్క వదినను వరసగా ఫోటోలు తీసింది. ఏళ్ల తరబడి ఫోన్లో కళ్లు పోయేలా చూసి నేను నేర్చుకున్నది, ఆమెకు ఒక్కసారి వంగి లేస్తే వచ్చేసింది. తిరుగు బస్సులో వదిన, "నీ ఫోటోలు బాగా వచ్చినాయి పాపా, చూస్తాండు, నిన్నే వేస్తారు," అంది. నిజంగానే నమ్మి అంది. కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

కనపడేది తాడే కదా, తాడు నాకు మాత్రం దొరకదా అనుకున్నాను. ఇంటికి రాగానే నూలు పోగులు పేని, పసుపు నీళ్లలో నానబెట్టి ఆరేశాను. మర్నాడు పొద్దున, నా సంచిలోనే ఉండిపోయిన నల్ల కోటు తొడుక్కుని, అద్దం ముందు తాడు కట్టుకుని, అక్కకు ఫోటో పంపుదామని ఫోన్ ఎత్తాను. అప్పుడే మా అవ్వ, నాయన తల్లి, లోపలికి వచ్చింది.

"ఎవుడు కట్టినాడే నీకు?" నా భుజం పట్టి తన వైపు తిప్పింది.

"ఎవుడూ లేడవ్వా. ఫోటోకు. వదిన మాదిరి ఉంటాదని."

పెళ్లికాని పిల్ల ఫోటో కోసం పసుపుతాడు కట్టుకోవడం ఆమె ఎరగదు. చెంప పగలగొడుతుందనుకున్నాను. "ఈడ కూసో," అంది. తడి పూర్తిగా ఆరని ముడి బిగుసుకుపోయి ఉంది. గోళ్లతో ఒక్కో పోగూ లాగసాగింది.

"ఆ పిల్ల మెడ మీద ఎందుకే నీ కండ్లు?"

"కుళ్లు అవ్వా." ఏడుపొచ్చింది. "నాకు కుళ్లు."

అవ్వ ఇంకో పోగు లాగింది. "మీ తాత పోయినంక నాకూ ఉండె," అంది. "మీ అమ్మ తానం చేసొచ్చి తాడుకు పసుపు పూసుకుంటాంటే, చూడలేక పెరట్లోకి పోతాంటి. నీకు రేపో మాపో ఎవుడో ఒకడు కడతాడు. నాకు ఎవుడు కడతాడే?"

ముడి వచ్చింది. తాడు ఆమె చేతిలోనే ఉండిపోయింది. ఇమ్మని అడగలేకపోయాను. ఫోటో తీయలేదు.

బోర్డు మీదికి వదినే ఎక్కింది. బాగుంది, చూడలేనంత బాగుంది. ఇప్పటికీ కొట్టు నుంచి ఇంటికి వెనక సందులోంచే పోతాను.