మోటారు సైకిల్‌కు కట్టిన పాల క్యాన్లు

1978లో నన్ను పలమనేరు ప్రాంతంలోని ఒక పశువైద్యశాలకు వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్‌గా వేశారు. హోదాలో అసిస్టెంట్ అని ఉన్నా అక్కడ పెద్ద డాక్టరును నేనే, చిన్న డాక్టరును కూడా నేనే. తోడుగా కాంపౌండర్ ఖాదర్ ఉండేవాడు. మా ఇద్దరికీ కలిపి ప్రభుత్వం ఒక మోటారు సైకిల్ ఇచ్చింది.

ఆ సీటు మీద కూర్చుని గుంతల రోడ్డులో పోతే వైద్యం పశువుకా డాక్టరుకా అన్నట్టుండేది. ఖాదర్ పరుపులు కుట్టే తన బావమరిదిని పిలిచి కొబ్బరి పీచుతో మెత్త కుట్టించాడు. నడుము బతికింది గానీ సామానుతోనే అసలు తంటా. కృత్రిమ గర్భధారణకు వాడే ఎద్దు వీర్యం ఆ రోజుల్లో చిన్న గాజు సీసాల్లో, మంచు ముక్కలు నింపిన ఫ్లాస్కులో వచ్చేది. కుదుపులకు ఫ్లాస్కులు పగిలిపోయేవి. చివరికి రెండు పాల క్యాన్లు తెచ్చి, వెనక చెరోవైపు ఇనుప పట్టీలతో బిగించి, లోపల వరిగడ్డి కుక్కాం. ఒకదాంట్లో ఫ్లాస్కు, రెండోదాంట్లో ఈనలేని ఆవులకు పురుడు పోయడానికి తాళ్ళు, సబ్బు, మందులు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

కొద్ది రోజులకే, డాక్టరు సర్కారు బండి మీద పాల వ్యాపారం చేస్తున్నాడని చిత్తూరుకు ఆకాశరామన్న అర్జీ వెళ్ళింది. విచారణకు వచ్చిన అధికారి పశువైద్యులు కాదు, పరిపాలన విభాగం మనిషి. నేరం రుజువైతే నా సస్పెన్షన్ సంగతి అటుంచి, బండి పోతుంది. బండి లేకపోతే కొండపక్క పల్లెల్లో దూడ అడ్డం తిరిగిన ఆవు దగ్గరికి నేను వెళ్ళేసరికి ఆవు మిగలదు. నాకు నిజంగా భయమేసింది.

ఆయన పాలలో నీళ్ళు కనిపెట్టే లాక్టోమీటరు కూడా వెంట తెచ్చుకున్నారు. మేం బయల్దేరుతుండగా బండి ఆపి, నేను నోరు తెరిచేలోపే క్యాను మూత తీసి, ఫ్లాస్కులోంచి ఒక సీసా పైకి లాగారు. వీర్యాన్ని పలుచన చేయడానికి గుడ్డుసొన కలుపుతారు గనుక లోపలిది మీగడ రంగులో ఉంది. లాక్టోమీటరు ఆ సీసాలో పట్టలేదు. ఇంత చిక్కటి పాలు ఎవరికి పోస్తున్నావని గద్దించి, అరచేతిలో ఓ చుక్క వేసుకుని, వేలికి అద్దుకుని నాలుక దాకా తెచ్చారు.

ఖాదర్ అడ్డం పడ్డాడు. "వద్దు సార్, నోట్లో పెట్టుకోవద్దండి! అది ఆవుది గాదు, ఆంబోతుది!"

వేలు గాలిలో ఆగిపోయింది. సబ్బు రెండో క్యానులో ఉందని నేను వినయంగా మనవి చేశాను. ఆయన చాలాసేపు చేతులు కడుక్కున్నారు.

ఆరోపణ అబద్ధమని తేల్చి, ఇకమీదట అపోహ కలగకుండా క్యాన్ల మీద 'ప్రభుత్వ పశువైద్యశాల' అని రాయించమని చెప్పి వెళ్ళిపోయారు. ఎర్ర రంగుతో పెద్దగా రాయించాం. బండి దక్కిందని నా ప్రాణం కుదుటపడింది. మర్నాడు మొదటి పల్లెలోనే ఒకావిడ చెంబుతో ఎదురొచ్చింది.

"గవర్నమెంటు పాలు వచ్చినాయంట గదప్పా! నీళ్ళు కలపరని సెప్పినారు. అరలీటరు పొయ్యి."

ఖాదర్ ఆమెకు ఏం చెప్పాడో నాకు వినపడలేదు. ఆమె మాత్రం చెంబు కొంగులో దాచుకుని గబగబా ఇంట్లోకి వెళ్ళిపోయింది.

పాడి మీద బతికే సీమలో పాల క్యానులో ఉండేవి పాలే. పైన ఏం రాసినా అవి ఎవరి పాలో చెప్పినట్టే అవుతుంది. తర్వాత ఎక్కడికి బదిలీ అయినా, అక్కడి జనం ఏ పాత్రలో ఏం పోస్తారో కనుక్కున్నాకే బండికి ఏదైనా బిగించాను.