మృగశిర నాడు దండయాత్ర

మా కాలనీ గోపాలరావు మాస్టారికి ఈత రాదు, విమానం ఎక్కి ఎరగరు. అయినా రెండో ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సు తీరం మీద సముద్రం నుంచీ ఆకాశం నుంచీ జరిగిన దాడి గురించి ఆయన్ని కదిలిస్తే, మన ఇంట్లో పొయ్యి మీద పాలు పొంగిపోవాల్సిందే. తుని దగ్గర బళ్లో ముప్పై ఏళ్లూ ఆ ఒక్క పాఠమే చెప్పారేమోనని నా అనుమానం.

ఆయన పాత శిష్యుడు విశ్వతేజ ఆ దాడిని శామీర్‌పేట చెరువులో సీరియల్‌గా తీస్తానంటూ వచ్చాడు. తెర మీద ‘యుద్ధ వ్యూహం: గోపాలరావు’ అని వేస్తానన్నాడు. ఇక మాస్టారిని పట్టలేకపోయాం. మేడ్చల్ మార్కెట్లో వంకాయలమ్మే ఆవిడకి కూడా చెప్పొచ్చారు. బతుకులో ఒక్కసారి తన పేరు తెర మీద చూసుకోవాలని ఆయన ఆశ.

నెల రోజులు భోజనాల బల్ల మీద మ్యాపులే. భార్య సీతామహాలక్ష్మిగారు కంచం ఒళ్లో పెట్టుకుని తిన్నారు. గాలి, వెలుతురు, డ్రోన్ల నుంచి జారాల్సిన పారాచూట్ బొమ్మలు అన్నీ లెక్కేసి, జూన్ ఎనిమిది పొద్దున ఆరింటికి ముహూర్తం పెట్టారు. చెరువులో చేపలు పట్టే సిద్దయ్యతో పడవలు మాట్లాడారు. సిద్దయ్య సరేనన్నాడు. అతను చూసేది కార్తెలు, తారీఖులు కాదు. మాస్టారు చూసేది తారీఖులు. పైగా ఆయన చేప ముట్టరు. అక్కడే వచ్చింది చిక్కు.

ఆ రోజు తెల్లారేసరికి శత్రు తీరమంతా సంచులు పట్టుకున్న జనం. మృగశిర కార్తె! ఆ రోజు చేప తినకపోతే ఏడాదంతా రోగాలేనని ఇక్కడివాళ్ల నమ్మకం. సైనికులను మోయాల్సిన పడవలు వలలతో నడి చెరువులో ఉన్నాయి. తుర్కపల్లి మందుల ల్యాబుల్లో సెలవు పెట్టి సైనికుల వేషం కట్టిన ఉద్యోగులు హెల్మెట్లు విప్పి చేపల బేరానికి దిగారు. అరిచి అరిచి మాస్టారి గొంతు పోయింది. అద్దె కెమెరా సాయంత్రం వెనక్కి వెళ్లిపోతుందని విశ్వతేజ తల పట్టుకున్నాడు.

సిద్దయ్య తాపీగా ఒడ్డుకొచ్చాడు. “సార్, యుద్ధం జర ఆలిశమైనా నడుస్తది. చేప రేపు ఎవ్వడు తినడు. రెండు దాటినంక గాలి లేస్తది, మీ సముద్రం గప్పుడే పుడ్తది. ఆగుండ్రి, మీ మందిని నేను దింపుత.”

వాతావరణం బాగోలేక అసలు దాడినే ఒకరోజు వాయిదా వేశారని ముప్పై ఏళ్లు పాఠం చెప్పిన మనిషి ఇంకేం వాదిస్తారు? మ్యాపు పరుచుకుని దాని మీదే కూలబడ్డారు.

రెండు దాటగానే గాలి లేచింది. అలలు పడవలను ఎత్తి కుదేశాయి. పారాచూట్ బొమ్మలు తుమ్మచెట్లకు చిక్కుకున్నాయి. చేపల కంపుకి సైనికులు వరసగా వాంతులు చేసుకున్నారు. ఆనాడు ఫ్రాన్సు వెళ్లినవాళ్లూ ఇలాగే చేసుకున్నారని మాస్టారు సైగలతో చెప్పి మురిసిపోయారు. అదంతా కెమెరాకెక్కింది, విశ్వతేజకు అంతకన్నా ఏం కావాలి?

సీరియల్ వచ్చిన రోజు కాలనీ అంతా మాస్టారి ఇంట్లోనే. సిద్దయ్యనూ పిలిచారు. తెర మీద ‘యుద్ధ వ్యూహం: సిద్దయ్య’ అని పడింది. మాస్టారు రిమోట్‌తో అక్కడే ఆపారు. మేమంతా మొహమొహాలు చూసుకున్నాం.

“ఏవండీ, మీ పేరేదండీ?” అన్నారు సీతామహాలక్ష్మిగారు.

ఆయన కింది వరస చూపించారు. ‘పడవల సహకారం: గోపాలరావు’. ఈత రాని మనిషే విశ్వతేజకు ఫోన్ చేసి మరీ పేర్లు మార్పించారట. నాకు నవ్వూ వచ్చింది, కళ్లూ చెమర్చాయి.

సిద్దయ్య కుర్చీ అంచుకు జరిగాడు. “నాకు సదువు రాదు సార్. ఏం రాసిన్రు?”

మాస్టారు లేచి నిలబడి, తరగతిలో పాఠం చదివినట్టు, ఆ పై వరస గట్టిగా రెండుసార్లు చదివారు.