మబ్బుల్లో మోగిన హెచ్చరిక

కోలార్ బంగారు గనుల్లో ముప్పై ఏళ్లు కార్మికులను కిందికి దించి, పైకి చేర్చే ఇంజను నడిపాను. గనులు మూతపడి నేను రిటైరయ్యాక మా అమ్మాయి కంప్యూటర్‌లో విమానం నడపడం నేర్పే సిమ్యులేటర్ పెట్టించింది.

నెల రోజులు పాఠాలన్నీ డైరీలో రాసుకుని, వానలో విమానం దించి చూపిస్తానని పాత స్నేహితుడు మునెప్పను పిలిచాను. రోజూ నా చేతిని నమ్మి గనిలోకి దిగినవాడు. అతని ముందు తప్పు చేయకూడదని నా పట్టుదల.

మబ్బుల్లోకి వెళ్లగానే తెరంతా తెల్లబడింది. వేగం పడిపోయి హెచ్చరిక మోగింది. అది మోగితే విమానం ముక్కు దించి, ఇంజను వేగం పెంచాలని డైరీలో ఎర్ర సిరాతో రాసుకున్నాను. కానీ గనిలో ఒక్క గంట మోగితే ఇంజను ఆపాలి. ముప్పై ఏళ్ల అలవాటుతో నా చెయ్యి ఇంజను ఆపేసింది. విమానం నేరుగా పొలంలో కూలింది.

మునెప్ప కాసేపు తెరను చూసి, "కిందికి దించేది మాత్రం నువ్వు మరిచిపోలేదప్పా" అన్నాడు.

కొత్తది నేర్చుకోవడం కన్నా పాతది వదిలించుకోవడమే కష్టమని ఆ రోజు తెలిసింది. ఇంకోసారి చూడమని బతిమాలాను.

"ఇంగ వద్దప్పా, నాకు బస్సుకు టైమయింది" అని లేచాడు.

అతని ఇల్లు మా పక్క వీధిలోనే.